వసారా లైటుకి ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) రిమోట్: రాత్రి పనిచేస్తోంది, పగలు మొరాయిస్తోంది

ప్రశ్న (ఆమదాలవలస)
ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు)కి రిమోట్ సిగ్నల్ అందుకునే టీఎస్ఓపీ1738 రిసీవర్, లైటుకి స్విచ్‌లా పనిచేసే రిలే కట్టి, మూలన పడున్న సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌తో వసారా లైటు వేస్తున్నాను. రాత్రి బాగానే ఉంది. పగలు మాత్రం రిమోట్ బాగా దగ్గర పెట్టి నొక్కితే గానీ అందుకోవడం లేదు, పైగా బటన్ కాసేపు నొక్కి ఉంచితే లైటు టకటకా వెలిగి ఆరిపోతోంది. ఏం చెయ్యాలన్నా?

జవాబు (విజయనగరం)
తమ్ముడూ, ఇవి రెండూ వేరువేరు సమస్యలు. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ బోలెడంత ఉంటుంది, అది నేరుగా పడితే రిసీవర్ తన సున్నితత్వం తగ్గించేసుకుంటుంది, 38 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌నే పట్టేలా తయారైనా సరే. దాన్ని నీడ వైపు తిప్పి, చుట్టూ నల్ల గొట్టం ముక్క తొడుగు.

నీది ఎన్ఈసీ అనే కోడ్ పద్ధతి వాడే రిమోట్ అయితే ముందు 9 మిల్లీసెకన్ల పల్స్, 4.5 ఖాళీ, ఆపైన 32 బిట్ల కోడ్ వస్తాయి. వేలు తియ్యకపోతే సుమారు 110 మిల్లీసెకన్లకోసారి చిన్న రిపీట్ సిగ్నల్ వస్తూనే ఉంటుంది, అది వచ్చిన ప్రతిసారీ నీ లైటు మారిపోతోంది. ఐఆర్‌రిమోట్ లైబ్రరీ (రిమోట్ కోడ్లు చదివే రెడీమేడ్ ప్రోగ్రామ్) కొత్త వెర్షన్లలో దానికి రిపీట్ ఫ్లాగ్ (ఇది రిపీటే అని చెప్పే గుర్తు) ఉంది, అది కనబడితే రిలే జోలికి వెళ్లకు.

జవాబు (రాజాం)
రిసీవర్ కాళ్ల దగ్గరే 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్, సప్లై తీగలో 100 ఓమ్ రెసిస్టర్ కూడా వెయ్యండి, రిలే వల్ల వచ్చే నాయిస్ తగ్గుతుంది. అలాంటిదే ఇంకో రిసీవర్ 1838బీ కొనాల్సి వస్తే కాళ్ల వరస చూసుకోండి: 1738కి గ్రౌండ్, సప్లై, అవుట్‌పుట్, 1838బీకి అవుట్‌పుట్, గ్రౌండ్, సప్లై. 230 వోల్టుల వైపు మాత్రం మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు
ఫ్లాగ్ చూసేలా రాశాక టకటక ఆగిందన్నా, చాలా థాంక్స్! గొట్టం సంగతి రేపు ఎండెక్కాక చూసి రాస్తాను.