పార్కిన్సన్స్ (కదలికల్ని దెబ్బతీసే మెదడు జబ్బు) ఉన్నవాళ్లకు ప్రపంచమంతా కలిసి ఒకే సమూహం కావాలా, సొంత భాషలో చిన్న బృందాలు సరిపోతాయా?

చేతిరాత:
నాకు 41వ ఏట పార్కిన్సన్స్ అని తేలింది. దగ్గర్లోని సపోర్ట్ గ్రూప్‌కి వెళ్తే అందరూ డెబ్బై దాటినవాళ్లే. ప్రేమగా చూశారు. కానీ ఆఫీసులో చెప్పాలా వద్దా, పిల్లలకు ఎలా చెప్పాలి అన్న నా టెన్షన్ వాళ్లెప్పుడో దాటి వచ్చేశారు. నా ఈడువాళ్లు నాకు వేరే దేశాల్లోనే దొరికారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019 నాటికే 85 లక్షలకు పైగా ఉన్నాం. వీడియో మీటింగుల్లో కలుస్తూ అందరం ఒక్కటిగా ఉంటేనే బలం అంటాను.

తోడునీడ:
చేతిరాత గారూ, మీ బాధ అర్థమైంది, కానీ ఒప్పుకోలేను. మావారి గొంతు బాగా సన్నబడింది. ఒకసారి అలాంటి అంతర్జాతీయ వీడియో మీటింగ్‌లో కూర్చోబెట్టాను. ఆయన మాటల్ని సాఫ్ట్‌వేర్ గదిలో చప్పుడనుకుని ఆపేసింది. తెర మీద పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఈలోపు ఇంకెవరో అందుకున్నారు. ముఖ కండరాలు బిగుసుకుపోయే జబ్బు కదా, ఆయన నొచ్చుకున్నట్టు కూడా ఎవరికీ కనబడలేదు. పైగా రాని ఇంగ్లీషు. మళ్లీ కూర్చోనన్నారు. సొంత భాషలో ఐదారుగురుంటే మాట పూర్తయ్యేదాకా ఆగుతారు.

మందువేళ:
నాకు 12 ఏళ్లుగా ఉంది. 2006లో వాషింగ్టన్‌లో మొదలైన ప్రపంచ పార్కిన్సన్ మహాసభలు 2019లో క్యోటోలో, 2023లో బార్సిలోనాలో జరిగాయి. డాక్టర్లు, పరిశోధకుల పక్కనే మనమూ కూర్చుంటాం, గొప్ప సంగతే. కానీ విమానం ఎక్కగలిగినవాళ్ల గొంతే అందరి గొంతు అవుతోంది. ఇంకో భయం మందులు. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మందు లెవోడోపా సరిగా ఒంటికి పట్టదని తోటివాళ్లు చెప్తే మేలే. కానీ ఎక్కడో ఎవరికో బాగుందని మోతాదు పెంచుకుంటేనో? కొన్ని మందులు జూదం పిచ్చి పట్టించగలవు. అది నేను ఇంట్లో చూశాను, నాలోనే.

చేతిరాత:
మందువేళ గారూ, మోతాదుల మాట సమూహంలో రాకూడదన్న నియమానికి నేనూ సరే. తోడునీడ గారూ, మీరు చెప్పింది చదివాక మీటింగుల మీద నా పట్టుదల పోయింది. రాతలోనే నడుపుదాం, ఎవరి భాషలో వాళ్లు రాస్తే అనువాదం చేసుకుందాం, జవాబుకు వారం పట్టినా పరవాలేదు. కానీ ఒకటి చెప్పాలి. గుమ్మం దగ్గర నా పాదాలు నేలకు అతుక్కుపోయేవి. వేరే ఖండంలో ఉన్నాయన గుమ్మం ముందు రంగు టేపు అడ్డగీతలుగా అతికించమన్నాడు. గీత దాటాలనుకుంటే కాలు లేస్తోంది! ఇది అందరికీ పనిచేయదట, నాకు పనిచేసింది. అది నాకు దగ్గర్లో ఎవరూ చెప్పలేదు.

తోడునీడ:
చిన్న బృందమే కావాలన్న నా మాట మారలేదు. ఆయనకు మీ జవాబు చదివి వినిపించాను. గీతకూ గీతకూ మధ్య ఎంత ఎడం వదిలారో అడగమంటున్నారు.