పదకొండు నెలల కోసం వచ్చాను, ఐదో రోజుకీ నిద్ర దారికి రాలేదు. ఏం చేయాలి?

రెండు_పెట్టెలు

అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద పదకొండు నెలలు ఉండటానికి బుధవారం కొత్త దేశం వచ్చాను. మా ఊరి టైముకి ఇది ఎనిమిది గంటలు ముందు. రెండు విమానాలు, మధ్యలో ఆరు గంటల ఎదురుచూపు, అన్నీ కలిపి ఇరవై రెండు గంటలు పట్టింది. మా ఆయన, పిల్లాడు అక్కడే ఉన్నారు.

దిగేసరికి ఉదయం ఆరూ నలభై. ఇంటి తాళాలు ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకి. అప్పటిదాకా కింద మెట్ల మీద పెట్టెలకి ఆనుకుని కూర్చున్నాను. లిఫ్ట్ లేదు. మూడో అంతస్తు. పెట్టె ఒక్కోటి 23 కిలోలు. ఒకటి పైకి చేర్చి, కిందికొచ్చి రెండోది మోసుకెళ్ళాక చూస్తే తాళం తిరగలేదు. కుడికి తిప్పాను, ఎడమకి తిప్పాను. చెవి విరుగుతుందేమో అని భయమేసింది. పావుగంట తర్వాత పక్కింటాయన వచ్చి తీసిపెట్టారు. ఆయన ఏం చేశారో నేను సరిగ్గా చూడనేలేదు. ఇప్పటికీ ఆ తలుపు దగ్గర రోజూ రెండు మూడు నిమిషాలు తంటాలు పడుతున్నాను.

దుప్పటి కూడా పరవకుండా, కోటుతోనే పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి రాత్రి తొమ్మిది. గదంతా చీకటి. స్విచ్ కోసం ఎడమ చెయ్యి గోడ మీద తడుముతోంది. మా ఇంట్లో స్విచ్ ఎడమవైపే ఉంటుంది. ఇక్కడ అటువైపు గోడ తప్ప ఏమీ లేదు. ఎక్కడున్నానో అర్థం కాక గుండె దడదడలాడింది. ఆ కొద్ది క్షణాలు ఇంకా మర్చిపోలేకపోతున్నాను.

అప్పటి నుంచి ఇదే వరస. తెల్లవారుజామున నాలుగున్నరకి గానీ నిద్ర పట్టదు. కొత్త చోట పొద్దున్నే ఎండలో కూర్చోవాలని ఎక్కడో చదివి, ఏడింటికి అలారం పెట్టుకుని బాల్కనీలో కూర్చుంటున్నాను. మధ్యాహ్నానికి కళ్ళు మూతలు పడిపోతున్నాయి. ఇవాళ అలారం పెట్టలేదు, సరిగ్గా పన్నెండుకి లేచాను. విమానం దిగినప్పుడు పాదాలు వాచి బూట్లు పట్టలేదు కూడా.

ఇంకో టెన్షన్. ఈ ఇల్లు ఒక నెలకే. వచ్చిన రెండో రోజే ఏజెంట్ ఒక ఫ్లాట్ చూపించాడు. బాగానే ఉందనిపించింది. రేపు సాయంత్రంలోగా అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంటున్నాడు. ఆఫీసులో చేరేది వచ్చే సోమవారం, అంటే ఇంకా ఎనిమిది రోజులుంది. ఈలోగా అన్నీ సర్దేసుకోవాలని ఉంది కానీ, పెట్టె తెరిచి దాని ముందు కూర్చుంటే ముందు ఏది తియ్యాలో తోచడం లేదు. వచ్చి తప్పు చేశానా అనిపిస్తోంది. అమ్మకి ఫోన్‌లో మాత్రం అంతా బాగుందని చెబుతున్నాను.

---

నైట్‌డ్యూటీ_నర్సు

ముందు ఒక ముఖ్యమైన ప్రశ్న. పాదాలు రెండూ వాచాయా, ఒకటేనా? రెండూ ఒకేలా వాచి ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతే కంగారు పడక్కర్లేదు, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే అలా అవుతుంది. ఒకే కాలు వాచి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే మాత్రం ఇది చదవడం ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ ఉంటే ఎమర్జెన్సీకే వెళ్ళాలి. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మామూలుగా అది చాలా అరుదు. కానీ జరిగితే ఆలస్యం పనికిరాదు.

ఇక నిద్ర సంగతి. పదహారేళ్ళుగా పగలూ రాత్రీ మారే డ్యూటీలు చేస్తున్నాను కాబట్టి ఇది పుస్తకంలో చదివిందే కాదు, నా ఒంటికీ తెలుసు. మెదడులో, రెండు కళ్ళ నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకి సరిగ్గా పైన చిన్న కణాల గుంపు ఉంటుంది. మన గడియారం అదే. చేతి వాచీలా దాన్ని ఒక్కసారిగా తిప్పలేం. రోజుకి ఒక గంట, మహా అయితే కొంచెం ఎక్కువ జరుగుతుంది. మీకు ఎనిమిది గంటల తేడా, వచ్చి ఐదు రోజులే అయింది. మీ ఒంట్లో లోపమేమీ లేదు, లెక్క ప్రకారం ఇంకా టైము పడుతుంది. పైగా తూర్పుకి వస్తే అలవాటైన దాని కంటే తొందరగా పడుకోవాలి, అది కష్టం. ఆ గడియారం దానంతట అది నడిస్తే రోజుకి 24 గంటల కంటే కాస్త ఎక్కువే తీసుకుంటుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం సులువు, తొందరగా పడుకోవడం కష్టం.

మీరు ఎండలో కూర్చోవడం మంచి పనే. కానీ టైము తప్పింది. దయచేసి ఇది నిదానంగా చదవండి. మనం మామూలుగా నిద్ర లేవడానికి రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి బాగా తగ్గిపోతుంది. ఆ సమయం దాటాక కళ్ళకి వెలుతురు తగిలితే గడియారం ముందుకి జరుగుతుంది, అంటే నిద్ర తొందరగా వస్తుంది. దానికి ముందు తగిలితే వెనక్కి జరుగుతుంది. అలారం లేకుండా మీరు పన్నెండుకి లేచారు. అంటే మీ ఒంటికి ఆ సమయం సుమారు తొమ్మిదిన్నర. మీరేమో ఏడింటికే ఎండలో కూర్చుంటున్నారు. మీరు ముందుకి లాగాలనుకుంటున్న గడియారాన్ని ఆ ఎండే రోజూ వెనక్కి నెడుతోంది.

రేపు పది దాకా కర్టెన్లు మూసే ఉంచండి. బయటికి వెళ్ళక తప్పకపోతే నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి. పది నుంచి పన్నెండున్నర దాకా బయట నడవండి. మబ్బు పట్టినా ఇంట్లో బల్బు కంటే బయటి వెలుతురే ఎక్కువ. ఎల్లుండి తొమ్మిదికి, ఆ తర్వాత ఎనిమిదికి, ఇలా రోజుకో గంట ముందుకి తెచ్చుకుంటూ రండి. రాత్రి పదకొండు దాటాక లైట్లు తగ్గించండి, ఫోన్ పక్కన పెట్టండి. మధ్యాహ్నం నిద్ర ఆగకపోతే మూడు లోపు ఇరవై నిమిషాలు, అలారం పెట్టుకుని పడుకోండి. కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దు. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నిద్ర కోసం వాడే మెలటోనిన్ మాత్రలు కొన్ని దేశాల్లో డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు. మీరు వేరే మందులేమైనా వాడుతుంటే అడగకుండా అసలు వేసుకోవద్దు.

---

పాతకాపు

అమ్మా, సంతకం పెట్టకు.

ఇలా మూడు దేశాల్లో కాపురం పెట్టి ఎత్తేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానమని ఆస్ట్రేలియాలో పరిశోధించి 1997లో చెప్పారు. రక్తంలో అంత మద్యం ఉంటే బండి నడపకూడదని చాలా దేశాల్లో చట్టమే ఉంది. నువ్వు రెండో రోజున, అంతకంటే అలసిపోయి ఆ ఇల్లు చూశావు. 'బాగానే ఉంది' అనిపించింది ఇల్లు బాగుండా, లేక ఇక ఎక్కడైనా సరే ఒక చోట కూర్చోవాలనే తపన వల్లా? నా మొదటి మకాంలో నేను రెండో కారణంతోనే సంతకం పెట్టాను. ఆ గదికి ఏడాది పొడుగునా ఎండ రాలేదు. మధ్యలో వదిలేస్తే అడ్వాన్స్ పోతుందని అక్కడే ఉండిపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది.

ఏజెంట్‌కి మర్యాదగా మూడు రోజులు గడువు అడుగు. ఇవ్వకపోతే ఆ ఇల్లు పోనీ, చేతిలో నెల రోజులుంది. ఇస్తే రాత్రి పదింటికి ఒకసారి, పొద్దున ఆఫీసు వేళకి ఒకసారి వెళ్ళు. పడగ్గదిలో కిటికీ మూసి ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడు. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి చూడు. మంచం వేసే చోట ఫోన్ సిగ్నల్ ఉందో లేదో చూడు. మూడూ తేలికే కానీ, అలసిపోయి ఉన్నప్పుడు ఒక్కటీ గుర్తు రాదు.

ఒక్క పని మాత్రం వాయిదా వెయ్యకు. ఎక్కువ రోజులు ఉండటానికి వచ్చిన విదేశీయులు ఫలానా గడువులో చిరునామా నమోదు చేయించుకోవాలని చాలా చోట్ల రూల్ ఉంటుంది. జర్మనీలో, జపాన్‌లో ఇల్లు చేరాక రెండు వారాల్లోపే. నువ్విప్పుడున్న దేశంలో ఎంతో ఆఫీసువాళ్ళని రేపే అడిగి, తేదీ కాగితం మీద రాసి తలుపుకి అంటించు. మిగతావి ఆగుతాయి.

పెట్టెల గురించి అడిగావు. అన్నీ తియ్యకు. పరుపు మీదికి దుప్పటి, ఒళ్ళు తుడుచుకునే తువ్వాలు, మందులు, చార్జర్, ఇంట్లో నువ్వు రోజూ చూసే వస్తువు ఒకటి. చాలు. పెట్టె మూత వేసి పక్కకి నెట్టు. నీ చేతిలో పదకొండు నెలలున్నాయి. నాలుగు రోజులకి వచ్చినవాళ్ళలా పరుగెత్తాల్సిన పని లేదు.

కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఎడమ సగం పూర్తిగా నిద్రపోదట, కాపలా కాస్తున్నట్టు కొంచెం మెలకువగా ఉంటుందట. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీవాళ్ళు 2016లో చూపించారు. అది చదివాక నాకు నా పాత రాత్రులన్నీ అర్థమయ్యాయి. అందుకే సోఫాలో ఒక రోజు, మంచం మీద ఒక రోజు పడుకోవద్దు. రోజూ ఒకే చోట, ఒకే వైపు పడుకో.

అమ్మకి నిజం చెప్పు. 'బాగుంది' అని నువ్వు అంటున్న గొంతు ఆవిడకి తెలియదనుకోకు.

---

కిటికీ_పక్క_సీటు

పెద్దవాళ్ళు అన్నీ చెప్పేశారు. నేను తాళం గురించి చెబుతా అక్కా.

నాకూ అచ్చం ఇలాంటి తలుపే ఉండేది. పాత తలుపులు బరువుకి కొంచెం కిందికి జారతాయి, దాంతో గడియ ఫ్రేములో ఉండే రంధ్రానికి రాసుకుంటూ ఉంటుంది. తాళంచెవి తిప్పే ముందు ఇంకో చేత్తో పిడి పట్టుకుని తలుపుని గట్టిగా మీ వైపు లాగండి, కాస్త పైకి ఎత్తినట్టు. అప్పుడు తిప్పండి. కొన్నింటికి రెండు చుట్లు తిప్పాలి, ఒక చుట్టుకే ఆగిపోవద్దు. పక్కింటాయన కూడా ఇదే చేసి ఉంటారు. పగలు ఒక పదిసార్లు తీసి వేసి ప్రాక్టీస్ చెయ్యండి. రాత్రి అలసిపోయి వచ్చినప్పుడు మీ ఇంటి తలుపు మీకు తెరుచుకోకపోతే కలిగే బాధ మామూలుది కాదు, నాకు తెలుసు.

---

నైట్‌డ్యూటీ_నర్సు

పాతకాపు గారు చెప్పిన 'రోజూ ఒకే చోట పడుకో' అన్న మాట నేను మర్చిపోయాను, చాలా ముఖ్యం. ఒకటి కలుపుతాను. తెల్లవారుజామున మూడింటికి 'వచ్చి తప్పు చేశానా' అనిపిస్తే ఆ ఆలోచనకి అప్పుడు జవాబు చెప్పకండి. వారం పాటు రాత్రి డ్యూటీలు చేసిన ప్రతిసారీ నాకు ఉద్యోగం మానేద్దామనిపించేది. రెండు రాత్రులు సరిగ్గా పడుకున్నాక ఎప్పుడూ అనిపించలేదు. మీకు నిద్ర సరయ్యాక కూడా రెండు వారాలు అలాగే అనిపిస్తే అప్పుడు దాన్ని సీరియస్‌గా తీసుకోండి, అక్కడి డాక్టర్‌తో మాట్లాడండి. కాళ్ళ సంగతి చెప్పడం మర్చిపోవద్దు.

---

రెండు_పెట్టెలు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం రాశాను, ఇవాళ శనివారం.

నర్సు గారూ, పాదాలు రెండూ ఒకేలా వాచాయి, రెండో రోజుకే తగ్గిపోయాయి. పిక్కల్లో నొప్పి లేదు. కర్టెన్లు మూసి, మీరు చెప్పిన లెక్కలోనే బయటికి వెళ్ళాను. మొదటి రెండు రోజులు ఏ తేడా కనబడక ఏడుపొచ్చింది. బుధవారం రాత్రి రెండింటికి నిద్ర పట్టింది, నిన్న పన్నెండున్నరకి. ఇవాళ అలారం లేకుండా ఎనిమిదింపావుకి లేచాను. ఇంకా కొంచెం ఉంది, కానీ సోమవారం అంటే భయం తగ్గింది.

పాతకాపు గారూ, ఏజెంట్ గొణిగాడు గానీ గడువిచ్చాడు. మంగళవారం రాత్రి పదింటికి వెళ్ళి, పడగ్గదిలో మీరన్నట్టే కిటికీ మూసి నిలబడ్డాను. కిటికీకి సరిగ్గా కిందే బస్సులు ఇంజన్ ఆపకుండా ఆగే చోటు ఉంది. అద్దం వణుకుతోంది, వేలు పెడితే తెలిసింది. మొదటిసారి ఇదే గదిలో పది నిమిషాలు ఉండి కూడా నాకు వినబడలేదు. వద్దని చెప్పేశాను. చిరునామా నమోదు గురువారం పూర్తయింది.

పెట్టెలోంచి పిల్లాడు గీసిన బొమ్మ ఒక్కటి తీసి మంచం ఎదురుగా గోడకి పెట్టాను. ఒక పెట్టె ఇంకా తెరవలేదు. అమ్మకి చెప్పాను. 'నాకు బుధవారమే తెలుసు, నువ్వు చెబుతావని చూస్తున్నా' అంది.

కిటికీ పక్క సీటు గారూ, లాగి, పైకెత్తి, రెండు చుట్లు. ఒక్కసారికే తెరుచుకుంది. రాత్రి లేచినప్పుడు చెయ్యి మాత్రం ఇంకా ఎడమవైపే వెళ్తోంది.

ఎల్లుండి ఆఫీసయ్యాక ఇంకో ఇల్లు చూడాలి. రాత్రి పదింటికే వస్తానని ఏజెంట్‌కి చెప్పాను.