అమ్మకు మూడు విడతల పీఎం కిసాన్ డబ్బు రాలేదు, బ్యాంకులో మాత్రం ఆధార్ లింక్ ఉందంటున్నారు

పత్తిచేను (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మ పేరు మీద ఎకరం ముప్పై గుంటల భూమి ఉంది. నాన్న పోయాక విరాసత్ అయి పట్టా అమ్మ పేరుకు వచ్చింది. తర్వాత పీఎం కిసాన్‌కు ఆమె పేరుతోనే కొత్తగా పెట్టుకున్నాం. నాలుగు నెలలకోసారి రెండు వేలు పడేవి. మెసేజ్ రాగానే అమ్మ నాకు ఫోన్ చేసేది.

ఇప్పుడు వరుసగా మూడు విడతలు రాలేదు. అంటే ఏడాది డబ్బు, 6,000. మొదటిసారి ఆగినప్పుడు ఆలస్యమైందేమో అనుకుని అమ్మ నాకు చెప్పనేలేదు. రెండోసారి పక్కింటి వాళ్లకు పడి తనకు పడకపోయేసరికి టెన్షన్ మొదలైంది. ఈకేవైసీ చేసిన రోజు వేలిముద్ర నాలుగైదు సార్లు పడలేదట, అందుకే తన పేరు తీసేశారని అనుకుంటోంది. ఏళ్లుగా పత్తి ఏరి ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. అది తన తప్పన్నట్టు మాట్లాడుతుంటే నాకు చాలా బాధగా ఉంది.

పోర్టల్‌లో స్టేటస్ చూశాను. ఈకేవైసీ, ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాలు జతచేయడం), ఆధార్ బ్యాంక్ సీడింగ్ మూడూ ఎస్ అనే ఉన్నాయి. బ్యాంకుకు రెండుసార్లు వెళ్లాం. "ఆధార్ లింక్ ఉందమ్మా, పై నుంచే రాలేదు" అని పంపేశారు. ఇంకెవరిని అడగాలి?

కల్లం

అక్కా, ముందు అమ్మగారికి చెప్పండి, పేరు తీసేయలేదు. తీసేస్తే స్టేటస్ ఇలా కనిపించదు. వేలిముద్ర గొడవ కూడా కాదు, ఈకేవైసీ ఎస్ అని ఉందంటే అది అయిపోయినట్టే.

నాకు అనిపిస్తున్నది ఏంటంటే, డబ్బు ఆగలేదు, ఇంకో ఖాతాకు వెళ్తోంది. మా నాన్నకు ఇదే జరిగింది, కనుక్కోవడానికి ఎనిమిది నెలలు తిరిగాం. ఈ డబ్బు ఖాతా నంబరు చూసి రాదు, ఆధార్ నంబరు చూసి వస్తుంది. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అన్నది బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక పట్టికలో ఉంటుంది. అందులో ఒక మనిషికి ఒక్క బ్యాంకే ఉంటుంది. చివరగా ఏ బ్యాంకులో సీడింగ్ చేయిస్తే డబ్బు అక్కడికే పోతుంది.

బ్యాంకు వాళ్లు "లింక్ ఉంది" అన్నది కేవైసీ కోసం ఖాతాకు ఇచ్చిన ఆధార్ గురించి అయ్యుంటుంది. సీడింగ్ వేరు, అంటే ఆ పట్టికలో మీ ఆధార్ పక్కన బ్యాంకు పేరు ఎక్కించడం. ఆ తేడా తెలియకే మేమూ తిరిగాం. మై ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూడండి. ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుంది, కాబట్టి ఆ ఫోన్ చేతిలో పెట్టుకోండి. అక్కడ ఏ బ్యాంకు పేరు ఉంటే డబ్బు అక్కడ ఉంటుంది. ఈ మధ్య ఎక్కడైనా కొత్త ఖాతా తెరిచారేమో అమ్మను నెమ్మదిగా అడగండి.

గట్టుమీద

విరాసత్ అన్నారు కాబట్టి ఒక మాట. 2019 ఫిబ్రవరి 1 తర్వాత పేరు మారిన భూమికి ఈ పథకం వర్తించదు. భూమి ఉన్నవాళ్లు చనిపోయి వారసులకు వస్తే మాత్రం మినహాయింపు ఉంది. ఎవరైనా ఆ తేదీ చెప్పి మీకు రాదంటే ఒప్పుకోకండి. నాన్నగారి మరణ ధ్రువపత్రం, పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సులు పట్టుకుని ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవండి. వాళ్లు రైతు వేదికలో దొరుకుతారు.

నాగలి

హెల్ప్‌లైన్ 155261. దొరకడం కష్టమే, ఓపిక పట్టాలి. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే మాత్రం దయచేసి తెరవకండి. మా బంధువుల్లో ఒకాయన ఇలాగే డబ్బు ఆగిందన్న ఆత్రంలో ఇన్‌స్టాల్ చేసి ఖాతాలో ఉన్నదంతా పోగొట్టుకున్నారు.

పత్తిచేను

కల్లం గారూ, మీరు చెప్పిందే నిజమైంది. మై ఆధార్‌లో వేరే బ్యాంకు పేరు కనిపించింది. ఆ పేరు చెప్పగానే అమ్మకు గుర్తొచ్చింది. పోయిన ఏడాది ఊళ్లోకి ఎవరో వచ్చి బీమా అని చెప్పి వేలిముద్ర వేయించుకున్నారట. చిన్న కార్డు ఒకటి ఇచ్చారు, అది బియ్యం డబ్బా వెనక దొరికింది. అదే కొత్త ఖాతా. ఆధార్‌ను అక్కడికి మారుస్తున్నామని ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. చదువు రాని మనిషి వేలు పట్టుకుని ముద్ర వేయించేవాళ్లకు ఆ ఒక్క మాట చెప్పడం ఎందుకు బరువైందో నాకు అర్థం కావడం లేదు.

కార్డు తీసుకుని వెళ్లాం. మూడు విడతలూ అందులోనే ఉన్నాయి, 6,000 పైసా తగ్గకుండా. లెక్క చూసి ఇచ్చిన అమ్మాయి అమ్మకు మొత్తం చదివి వినిపించింది, ఆమెకు చాలా థాంక్స్.

కల్లం

చాలా సంతోషం అక్కా. ఇప్పుడు పాత బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం అడిగి తీసుకోండి. అందులో 'వేరే బ్యాంకు నుంచి మార్పు' అన్నదానికి టిక్ పెట్టి, ఇప్పుడున్న బ్యాంకు పేరు రాయాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి, లేదా జిరాక్స్ మీద ముద్ర వేయించుకోండి. వారం తర్వాత మై ఆధార్‌లో మళ్లీ చూడండి, పాత బ్యాంకు పేరు వచ్చేదాకా పని అయినట్టు కాదు.

పత్తిచేను

ఫారం ఇచ్చాం, ముద్ర వేయించాం. ఈసారి వేలిముద్ర అడిగితే అమ్మ "దేనికి?" అని అడిగింది. పాత బ్యాంకు పేరు కనిపించగానే ఇక్కడ రాస్తాను.