కుంగుబాటుతో ఉన్న తమ్ముడి ఒంటరితనాన్ని ఎలా తగ్గించాలి?

ప్రశ్న (రాజోలు నుంచి):
మా తమ్ముడు ఏడాదిగా కుంగుబాటుకు మందులు వాడుతున్నాడు. నిద్ర కుదుటపడింది కానీ, సాయంత్రం కాలువగట్టు మీద స్నేహితులు కనిపిస్తే పెరటిదారిన ఇంట్లోకి వచ్చేస్తున్నాడు. పెళ్ళిళ్ళకు రమ్మని బలవంతపెట్టవచ్చునా?

సమాధానం (అమలాపురం నుంచి):
దయచేసి బలవంతపెట్టకండి. నేనూ ఆందోళనతో బాధపడినవాణ్ణే. నిండు పెళ్ళిపందిట్లో నాకు కలిగినంత ఒంటరితనం నా గదిలో కూడా కలగలేదు, ఎందుకంటే అది చుట్టూ ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి కాక, మనసు విప్పి మాట్లాడగల మనిషి ఒక్కరైనా ఉన్నారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మా బాబాయి రోజూ తెల్లవారగానే వచ్చి, ఏమీ అడగకుండా నన్ను తోటకు తీసుకువెళ్ళేవారు. బోదెకు గండి తీసి కొబ్బరి పాదుల్లోకి నీళ్ళు మళ్ళించేవాళ్ళం, పాదు నిండగానే నేను పారతో మట్టి వేసి పూడ్చేవాణ్ణి. మూడో వారానికి మాటలు వాటంతటవే వచ్చాయి.

సమాధానం (భీమవరం నుంచి):
మనసు బాగుపడ్డాకే బయటికి వెళ్దామని ఎదురుచూడకుండా, చిన్న పనిని వేళ పెట్టుకుని చేయించడం కుంగుబాటు చికిత్సలో ఒక పద్ధతి. తప్పించుకున్నకొద్దీ భయం బలపడుతుంది కనుక, ముందు ఒక్క స్నేహితుణ్ణి ఇంటికి పిలవండి. వైద్యుణ్ణి అడగకుండా మందులు ఆపనివ్వకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416 నంబరులో, అర్ధరాత్రయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. వాడితో బడికి వెళ్ళిన అబ్బాయిని ఆదివారం రమ్మన్నాను.