సుగతా మిత్రా పరిశోధన ప్రభావం ఎంత? ఆయన ఉపన్యాసాల ప్రభావం ఎంత?

ఎంఎడ్_విద్యార్థి:
ఆన్‌లైన్ చదువుల మీద ఎక్కువ ప్రభావం చూపిన భారతీయ పరిశోధకుడు ఎవరని మా సెమినార్‌లో అడిగితే ఎక్కువ మంది సుగతా మిత్రా పేరే చెప్పారు. 1999 జనవరి 26న ఢిల్లీ కాల్కాజీలో ఎన్‌ఐఐటీ అనే కంప్యూటర్ శిక్షణ సంస్థ ఆఫీసు ప్రహరీగోడకు కన్నం పెట్టించి, అవతలి బస్తీ పిల్లలకు అందేలా ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ అమర్చారు. ఎవరూ నేర్పకుండానే పిల్లలు దాన్ని వాడేశారు. 2013లో ఆయనకు, కొత్త ఆలోచనల మీద ఉపన్యాసాలు ఏర్పాటు చేసే టెడ్ సంస్థ ఇచ్చే టెడ్ ప్రైజ్ కింద 10 లక్షల డాలర్లు వచ్చాయి. ఈ పేరంతా పరిశోధనతో వచ్చిందా, వేదిక మీద మాటలతో వచ్చిందా? దయచేసి ఆధారాలతో చెప్పండి.

ఖమ్మం_హెచ్ఎం:
పరిశోధనతోనే వచ్చిందమ్మా. కాల్కాజీతో ఆగిపోలేదు. దేశంలో 17 చోట్ల ఇలాంటి కంప్యూటర్లు పెట్టి, తెర మీద కనిపించే గుర్తులు చూపించి ఏది ఏం పని చేస్తుందో పిల్లల్ని అడిగారు. నెలలు గడిచేకొద్దీ మార్కులు పెరిగాయి. 2005లో పేపర్ వచ్చింది. మన హైదరాబాద్‌లోనూ ఒక ప్రైవేటు బడిలో, మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చి పిల్లల ఇంగ్లిష్ ఉచ్చారణ ఎంత మెరుగుపడుతుందో చూశారు. టీచరు దొరకని ఊళ్లలో ఉద్యోగం చేసినవాడిగా చెబుతున్నాను, పిల్లల మీద అంత నమ్మకం పెట్టిన పరిశోధకులు మనకు అరుదు.

డేటా_విజయవాడ:
హెచ్ఎం గారూ, ఆ హైదరాబాద్ అధ్యయనంలో ఉన్నది 16 మంది పిల్లలు. అంతమందితో ఒక విధానం పనిచేస్తుందని ఎలా తేలుస్తాం?

ఇక గోడ కంప్యూటర్ల సంగతి. మార్క్ వార్‌షావర్ అనే పరిశోధకుడు ఢిల్లీ వెళ్లి చూసి రాశారు: ఇంటర్నెట్ పనిచేసేది తక్కువ, హిందీలో విషయం లేదు, పిల్లలు ఎక్కువగా బొమ్మలు గీసుకుంటూ, ఆటలు ఆడుకుంటూ ఉన్నారు. ఆ తర్వాత పాయల్ అరోరా అనే పరిశోధకురాలు ఉత్తరాఖండ్‌లోని అల్మోరా, హవల్‌బాగ్ వెళ్లారు. అక్కడి కంప్యూటర్లు మూలనపడ్డాయి, వాటిని గుర్తుపెట్టుకున్నవాళ్లే కొద్దిమంది. ఆ వ్యాసం 2010లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో వచ్చింది. మిత్రా కూడా అదే పత్రికలో ఆమెతో చర్చకు దిగారు, ఆ నిజాయితీకి మెచ్చుకోవాలి. కానీ ఈ రెండు పరిశీలనలు ఎంతమంది విన్నారు? టెడ్‌లో మిత్రా ఉపన్యాసం వీడియో ఎంతమంది చూశారు? నాకు బాధ కలిగించేది ఈ తేడానే.

ఖమ్మం_హెచ్ఎం:
ఊళ్లో బోరింగు పాడైతే నీళ్లు పడలేదని అంటామా బాబూ? నిర్వహణ చూసుకోకపోవడం వేరు, సిద్ధాంతం తప్పు కావడం వేరు.

పీహెచ్‌డీ_వరంగల్:
ఇద్దరూ కాళికుప్పం ప్రస్తావన తేలేదు. మిత్రా, రీతూ దంగ్వాల్ కలిసి రాసిన 2010 పేపర్ అది. నా దృష్టిలో ఆయన పరిశోధనలో అన్నిటికంటే విలువైనది, ఎక్కువగా తప్పుగా వాడుకున్నది కూడా అదే.

దక్షిణాదిలో ఒక పల్లె. తమిళం మాట్లాడే 10-14 ఏళ్ల పిల్లలు. గోడ కంప్యూటర్‌లో ఇంగ్లిష్‌లో మాలిక్యులర్ బయాలజీ (జీవకణాల్లోని అణువుల గురించి చెప్పే శాస్త్రం) పాఠాలు పెట్టారు. టీచరు లేడు. 75 రోజుల తర్వాత పరీక్ష పెడితే సగటు మార్కులు సుమారు 30 శాతం. ఆ వయసుకు, ఆ భాషలో, ఆ సబ్జెక్టులో అది నిజంగా గొప్పే. ఉపన్యాసాలు విన్న చాలామందికి గుర్తుండేది ఇంతవరకే.

పరిశోధన అక్కడ ఆగలేదు. పిల్లలకు బాగా తెలిసిన ఒక అమ్మాయిని వాళ్ల పక్కన కూర్చోబెట్టారు. ఆమెకు బయాలజీ రాదు. "అబ్బా, ఇది ఎలా చేశావు? నాకూ చూపించు" అనే తరహాలో అడుగుతూ ఉత్సాహపరచడమే ఆమె పని. ఇంకో 75 రోజులకు మార్కులు 50 శాతం దాటాయి, ఆ సబ్జెక్టు టీచర్లున్న ఢిల్లీ ప్రైవేటు బడి పిల్లల స్థాయికి వచ్చాయి.

పిల్లలు తమంతట తాము నేర్చుకోవడానికి ఉన్న పరిమితులు ఏమిటన్నదే ఆ పేపర్ శీర్షికలో ఉంది. 30 నుంచి 50కి తీసుకెళ్లింది పక్కన కూర్చున్న మనిషి. 2009లో బ్రిటన్‌లోని రిటైర్డ్ టీచర్లను స్కైప్‌లో మన పిల్లలతో మాట్లాడించిన "గ్రానీ క్లౌడ్" కూడా ఈ ఆలోచనతోనే వచ్చింది. పిల్లల పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండాల్సిన అవసరాన్ని మిత్రాయే గుర్తించి, కొలిచి చూపించారు. దాన్ని వదిలేసి "టీచరు అక్కర్లేదు" అన్న సగం మాటనే పట్టుకుపోయారు జనం. వేదిక మీద ఆయన వాడిన భాష కూడా అందుకు తోడైంది, ఆ బాధ్యత ఆయనదే.

డేటా_విజయవాడ:
ఇది ఒప్పుకుంటాను. కానీ కాళికుప్పం కూడా ఒక్క ఊరు, కొద్దిమంది పిల్లలు. ఆ అమ్మాయి లాంటి మనిషిని పెట్టి, వేర్వేరు చోట్ల, పెద్ద సంఖ్యలో మళ్లీ చేసి చూడాలి.

ఖమ్మం_హెచ్ఎం:
చేయాలి, కాదనను. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులు ఇచ్చింది. ఇంటికెళ్లాక ట్యాబు ముందు పిల్లాడి పక్కన ఎవరు కూర్చుంటున్నారో అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. అమ్మ కూలికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చే ఇళ్లలో ఆ మనిషి ఎవరు? ఊళ్లో ఇంటర్ పూర్తిచేసి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు బోలెడు మంది. వాళ్లకు గౌరవవేతనం ఇచ్చి సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టి చూడొచ్చు.

పీహెచ్‌డీ_వరంగల్:
మంచి మాట సార్. ఎంఎడ్ చెల్లీ, సెమినార్‌లో కాళికుప్పం 30, 50 అంకెలు రెండూ ఒకే స్లయిడ్ మీద పెట్టు. మొదటి అంకె మీద చప్పట్లు కొట్టేవాళ్లు రెండోదాని గురించి కూడా మాట్లాడాల్సి వస్తుంది.