సంస్థ చరిత్ర చెప్పే చలన శిల్పంలో మూతబడిన కాలానికి చోటుండాలా?

బాలానగర్ ఫిట్టర్:
మేము పనిచేసే యంత్ర భాగాల కర్మాగారానికి వచ్చే ఏడాది 50 ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా ప్రవేశ మందిరంలో పైకప్పు నుంచి సన్నని తీగలతో లోహపు బంతులను వేలాడదీసి, అవి పైకీ కిందికీ కదులుతూ సంస్థ చరిత్రను చెప్పేలా ఒక చలన శిల్పం పెట్టాలని యాజమాన్యం నిర్ణయించి, రూపకల్పన సంఘంలో కార్మికుల తరఫున నన్ను కూర్చోబెట్టింది. మొదటి లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం), తొలి ఎగుమతి, కొత్త షెడ్డు చూపించాలన్న దానిపై అందరిదీ ఒకే మాట. అయితే మధ్యలో 14 నెలలు కర్మాగారం మూతబడింది. జీతాలు లేక మాలో చాలామంది కూలికి వెళ్లిన ఆ కాలాన్ని కూడా చూపించాలని నేను అంటున్నాను. పండగ పూట ఆ ప్రస్తావన ఎందుకని మిగతావారు అంటున్నారు. మీ అభిప్రాయాలు చెప్పండి.

మ్యూనిక్ నివాసి:
మీ యాజమాన్యం మనసులో ఉన్న నమూనా బహుశా ఇక్కడి బీఎండబ్ల్యూ మ్యూజియంలోనిదే అయి ఉంటుంది. 2008లో మ్యూజియాన్ని తిరిగి తెరిచినప్పుడు బెర్లిన్‌కు చెందిన ఆర్ట్ ప్లస్ కామ్ బృందం దాన్ని రూపొందించింది. సుమారు 6 చదరపు మీటర్ల మేర 714 లోహపు బంతులు వేలాడుతుంటాయి, ఒక్కో బంతికి ఒక్కో స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న అడుగులుగా తిరిగి కోరిన చోట ఆగే మోటారు) ఉంటుంది. ఏడు నిమిషాల ప్రదర్శనలో అవి మొదట దిక్కుతోచనట్టు విడివిడిగా కదిలి, తరువాత అలలుగా కూడుకుని, చివరకు ఆ సంస్థ కార్ల ఒంపులుగా నిలుస్తాయి. ఒక ఆలోచన ఆకారంగా మారే తీరును చూపడమే దాని ఉద్దేశం.

ఆ ఆకారాల్లో 1937 నుంచి 1941 వరకు తయారైన 327 కారు కూడా ఉంది. అదే సంస్థ రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమాన ఇంజన్ల తయారీ కోసం మ్యూనిక్ శివార్లలోని అలాఖ్‌లో నాజీల దాఖావ్ నిర్బంధ శిబిరపు ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించింది. 2016లో శతాబ్ది ఉత్సవాల వేళ సంస్థ దానికి బహిరంగంగా విచారం తెలిపింది. ఆ విచారం మాటల్లోనే చెప్పవలసినది, బంతులతో చెప్పగలిగేది కాదు. అందుకే మీ 14 నెలల కథను పక్కనే ఒక ఫలకం మీద పేర్లతో, తేదీలతో రాయించండి. శిల్పం మీద ఆ బరువు మోపకండి.

ఉత్సవ సంఘం అనుభవజ్ఞుడు:
నేనూ అదే అంటాను. అతిథులు అక్కడ నిలబడేది రెండు నిమిషాలు, ఆ కాస్త సేపట్లో వారికి దక్కవలసింది సంతోషమే.

యంత్రశిల్పి:
మ్యూనిక్ నివాసి గారి మాటలో సగంతో ఏకీభవిస్తాను. ఈ తరహా శిల్పానికి గట్టి పరిమితి ఉంది. ఒక్కో తీగ ఒక్కో చోట ఒకే ఎత్తును చూపగలదు కాబట్టి బంతులు పైభాగపు ఒంపునే గీయగలవు, దాని అడుగున ఉన్నదాన్ని చూపలేవు. 6 చదరపు మీటర్లలో 714 బంతులంటే ఒకదానికొకటి దాదాపు 9 సెంటీమీటర్ల దూరం. ఆ ఎడంలో మనిషి ముఖం కాదు కదా, కారు తలుపు పిడి కూడా పట్టదు. కార్మికుల కష్టాన్ని బొమ్మ కట్టి చూపిస్తామంటే నేనూ వద్దనే అంటాను.

అయితే కదిలే వస్తువు అన్నిటికన్నా బాగా చెప్పగలిగేది ఆగిపోవడాన్నే. నిశ్చలమైన శిల్పానికి ఆ అవకాశం లేదు. లేత్ ఆకారం కట్టిన బంతులన్నీ నెమ్మదిగా మనిషి ఛాతీ ఎత్తుకు దిగి, తీగల ఊపు సద్దుమణిగి, నెలకో సెకను చొప్పున 14 సెకన్లు కదలకుండా ఉంటే, అక్కడ నిలబడ్డవారు తమంతట తామే మాటలు ఆపేస్తారు. చెడిపోయిందని పొరబడకుండా దీపాలను మాత్రం సగానికి తగ్గించండి. మరొక విషయం కూడా గమనించండి. స్టెప్పర్ మోటారు బంతిని కదపకుండా పట్టి ఉంచడానికి కూడా విద్యుత్తు తీసుకుంటుంది, ఆ నిలుపుదలలోనూ వేడెక్కుతుంది.

బాలానగర్ ఫిట్టర్:
యంత్రశిల్పి గారూ, మీ చివరి వాక్యం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మూతబడిన ఆ 14 నెలల్లో మాలో ఇద్దరం ప్రతి ఆదివారం కాపలాదారును అడిగి షెడ్డులోకి వెళ్లి, తుప్పు పట్టకుండా లేత్ బెడ్లకు (అడుగు దిమ్మెలకు) నూనె రాసి, లోహపు ముక్కను పట్టి తిప్పే చక్‌లను చేత్తో ఒక చుట్టు తిప్పి వచ్చేవాళ్లం. జీతం లేదు, తిరిగి తెరుస్తారన్న హామీ కూడా లేదు. తెరిచిన రోజున తొమ్మిది లేత్‌లూ మొదటి మీటకే తిరిగాయి. ఫలకం కూడా అడుగుతాను, కానీ ఆ 14 సెకన్లు లేకుండా నేను సంతకం పెట్టను. శుక్రవారం సమావేశంలో మీరు చెప్పిన ఎత్తు, దీపాల సంగతి ఉన్నదున్నట్టుగా వారి ముందుంచుతాను. తీగల ఊపు ఆగడానికి ఎన్ని సెకన్లు అదనంగా ఇవ్వాలో దయచేసి చెప్పండి.