నీస్‌లో బెల్లే వైన్ గ్లాసు లెక్కన ఎక్కడ దొరుకుతుంది?

అక్టోబరులో నేనూ మా ఆవిడా నాలుగు రోజులు ఫ్రాన్సులోని నీస్‌లో ఉంటున్నాం. బస పాత ఊళ్లో, కూర్ సలేయా పూలసంతకు దగ్గర. పోయినసారి ఆ సంత పక్కనే బొమ్మల మెనూ చూసి కూర్చుని మోసపోయాం: చల్లారిపోయిన చేప, గోరువెచ్చని గులాబీరంగు వైన్, జేబుకు చిల్లు. సందులో నిలబడి తిన్న సొక్కాను మాత్రం మరిచిపోలేదు. అంచులు కరకరలాడుతూ, పైన మిరియాల పొడి చల్లిన శనగపిండి అట్టే అనుకోండి.

ఈసారి నగర పరిధిలోనే కొండల మీద తయారయ్యే బెల్లే వైన్, ముఖ్యంగా రోల్ ద్రాక్షతో చేసే తెల్లది, రుచి చూడాలని ఉంది. సీసా మొత్తం కొనిపించకుండా గ్లాసు లెక్కన పోసే చిన్న బార్లు ఎక్కడున్నాయి? రేవు వైపా, లిబెరాసియోన్ పేట వైపా? మా ఆవిడ మాంసం తినదు, చేపలు తింటుంది. రాత్రి భోజనం ఇద్దరికీ కలిపి 100 యూరోలు దాటకూడదు. సోమవారం కూడా తెరిచి ఉండేవైతే మరీ మంచిది.